పళ్ళెంలోని మాంసం

మాంసాహారాన్ని అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడు. దాన్ని నిషిద్ధమని ప్రకటించే అధికారం ఎవరికీ లేదు. అయితే దివ్యఖుర్ఆన్ (2:168) ఆహారాన్ని ప్రస్తావిస్తూ ‘హలాల్’ పక్కనే ‘తయ్యిబ్’ అనే మాటను కూడా ఉంచింది. పరిశుద్ధమైనది, మేలైనది అని దాని భావం. మొదటి మాటను మనం దుకాణంలో అడిగి తెలుసుకుంటాం. రెండవదాన్ని అడగనే అడగం.

షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఉత్తమ రీతిని విధిగావించాడనీ, జబహ్ చేసేవాడు కత్తికి పదును పెట్టుకొని పశువుకు బాధ తగ్గించాలనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. పశువును పడవేసి దాని కళ్ళెదుటే కత్తి నూరుతున్న వ్యక్తిని, దాన్ని రెండుమార్లు చంపదలిచావా అని ఆయన మందలించిన సంగతి కూడా హదీసుల్లో ఉంది.

ఇక మన వీధులు చూడండి. కోళ్ళ కాళ్ళు కట్టి, తలక్రిందులుగా మోటారు సైకిలుకు వేలాడదీసి తెస్తారు. మెసలడానికి చోటులేని షెడ్డులో పెరిగి, దప్పికతో దుకాణం చేరిన ఆ ప్రాణిపై చివరి క్షణంలో ‘బిస్మిల్లాహ్’ పలుకుతాం. జబహ్ చెల్లుతుంది, మాంసం హలాలే, సందేహం లేదు. కాని అంతకుముందు జరిగిన దౌర్జన్యం గురించి ప్రశ్న ఉండదా? పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందన్న హదీసును మనం ఎన్నిసార్లో విన్నాం. పిల్లికి ఉన్న హక్కు కోడికి లేదా?

ఈ దౌర్జన్యం మూగజీవాలతోనే ఆగదు. మరే మందూ పనిచేయనప్పుడు వైద్యులు చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను కోళ్ళ పెంపకంలోనూ విరివిగా వాడారు. రోగక్రిములు దానికీ లొంగకుండాపోయే ప్రమాదం వల్ల కేంద్రప్రభుత్వం 2019లో ఆ వాడకాన్ని నిషేధించింది. చవక మాంసానికి అసలు ధర ఆసుపత్రి మంచంపై పడిన పేదవాడు చెల్లించవలసి వస్తుంది.

పరిమాణం సంగతీ ఆలోచించాలి. ప్రవక్త గృహంలో నెలలకు నెలలు పొయ్యి వెలిగేది కాదనీ, ఖర్జూరాలు, నీళ్ళే ఆహారమనీ ఆయిషా (రజి) తెలిపారు. మన వలీమాలలోనో, బిర్యానీ గుండిగలకు గుండిగలే చెత్తకుండీ పాలవుతుంది!

ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఒక సంఘటన ఉంది. జాబిర్ (రజి) మాంసం మోసుకుపోతుండగా ఖలీఫా ఉమర్ (రజి) చూసి ఏమిటని ప్రశ్నించారు. తినాలనిపించి ఒక దిర్హముకు కొన్నానని ఆయన బదులిచ్చారు. పొరుగువాని కోసమో, పినతండ్రి కుమారుని కోసమో తన కడుపును కాస్త మాడ్చుకోవాలని మీలో ఎవరికీ అనిపించదా అని ఉమర్ (రజి) అడిగారు. కొన్నది ఒక్క దిర్హము మాంసమే.