గూడబాతులు ఏల తగ్గును, ఏల పెరుగును?

భూపాలపల్లి గణపసముద్రపు గట్టున నిలిచి, నీటిపక్షులు ఏటేటా ఒక్కతీరుగా ఏల రావని అడుగు బాలలారా, తీరమందలి గూడబాతుల కథ వినుడు.

కొల్లేటి చేరువ ఆరేడు అను గ్రామమున 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు నీలకంఠన్ చూచిన వాని గూళ్ల తావు, 1974 నాటికి శూన్యమైనది. చెట్లు నరకబడినను, చేపలు తరిగినను పెద్దపక్షులు వెంటనే చావవు. దీర్ఘాయువులగుటచే, కొత్తపంట చేరని గాదెవలె ఆ గుంపు కొన్నేండ్లు నిండుగనే కనబడి, పిదప అడుగు తేలును. కావున పక్షులను మాత్రమే లెక్కించుట చాలదు, పిల్లలను లెక్కింపవలెను.

1976లో అభయారణ్యమైన నేలపట్టున, పులికాటునుండి చేపలు తెచ్చిన తల్లి గొంతుసంచిలో పిల్ల తల మొత్తము దూర్చి తినును. ఈశాన్య ఋతుపవనము తప్పి, చెట్ల మొదళ్లయందు నీరు నిలువనియేడు అచ్చట గూళ్లు తగ్గిపోవును.