శోభికి ఎండ మందు కాదు – వెలుతురు వైద్యంలోని నిజానిజాలు

మెడపైన, వీపుపైన తెల్లని మచ్చలు కనిపించగానే బొల్లి ఏమోనని ఇంటిల్లిపాదీ కలవరపడటం కద్దు. వెంటనే బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టేవారున్నారు. అయితే ఆ మచ్చలు శోభి కావచ్చును. శోభి, తామర, పిప్పిగోళ్ళు – ఈ మూడూ శిలీంధ్రాల వలన, అనగా బూజు జాతి సూక్ష్మజీవుల వలన కలిగే వ్యాధులు.

బావంచాలు శ్విత్రమునకు, అనగా బొల్లికి, ఆయుర్వేదం చెప్పిన ఔషధం. ఆ గింజలలోని సొరాలిన్ అనే పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాల ప్రభావాన్ని చర్మంపై అధికం చేసి, పోయిన రంగు తిరిగి రావడానికి తోడ్పడుతుంది. వైద్యుని పర్యవేక్షణ లేక వాడినచో చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. శోభికి ఈ పద్ధతి తగదు.

మరి వెలుతురు శిలీంధ్రాన్ని చంపలేదా? చంపగలదు, కాని దాని మార్గం వేరు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి ఒక రంగు కలిపిన నీటిలోని సూక్ష్మజీవులు వెలుతురు సోకగానే చనిపోవడం గమనించి, 1900లో ఆ విషయం ప్రకటించాడు. ఫోటోడైనమిక్ చికిత్సకు అదే మూలం. మిథిలీన్ బ్లూ వంటి రంగును వ్యాధి సోకిన చోట పూసి, ఎర్రని కాంతిని ప్రసరింపజేస్తారు. రంగు గ్రహించిన శక్తి ప్రాణవాయువును తీక్ష్ణంగా మార్చగా, అది శిలీంధ్ర కణాలను ఛేదిస్తుంది. రంగు, తగిన కాంతి, ప్రాణవాయువు – మూడూ కూడినప్పుడే ఫలితం. కేవలం ఎండలో కూర్చుంటే ఈ పని జరగదు.

మొండి పిప్పిగోళ్ళకు ఈ చికిత్సను కొందరు వైద్యులు పలు దఫాలుగా చేస్తారు. మంట, ఎరుపు కలుగవచ్చును, వ్యాధి తిరగబెట్టవచ్చును. కావున మందులకు ఇది ఇంకనూ ప్రత్యామ్నాయం కాలేదు.

ముందుగా వ్యాధి నిర్ధారణ ముఖ్యం. శోభి మచ్చను గీరితే సన్నని పొట్టు రాలుతుంది. చీకటి గదిలో వుడ్స్ దీపం కింద శోభి పసుపు వన్నెతో, బొల్లి నీలి ఛాయ గల తెలుపుతో మెరుస్తాయి. శోభి నయమైన పిదప కూడా తెల్లదనం కొన్ని నెలలు నిలువవచ్చును. అది మందు లోపం కాదు.

ఇంట పాటించవలసినవి: స్నానానంతరం ఒళ్ళు, ముఖ్యంగా చర్మపు ముడతలు తడి లేకుండా తుడుచుకోవాలి. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. లోదుస్తులు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. స్టిరాయిడ్ కలిసిన పూతమందును సొంతంగా కొని రాయరాదు. దురద తగ్గినట్లే ఉండి తామర విస్తరిస్తుంది. వైద్యుడు చెప్పిన గడువు వరకు మందు మానరాదు.

ఎండను బట్టలకు ధారాళంగా చూపండి. మచ్చలను మాత్రం వైద్యునికి చూపండి.