శ్వాసనాళపు ప్రొటీన్లపై సన్నధూళి ప్రభావం

గాలిలో తేలే ధూళిలో 2.5 మైక్రాన్లకు మించని వ్యాసం గల రేణువులను పీఎం 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో సుమారు ఇరవయ్యో వంతుండే ఈ రేణువులు ముక్కులోని వడపోతను తప్పించుకుని ఊపిరితిత్తుల లోతుల దాకా చేరతాయి. డీజిల్ వాహనాలు, బొగ్గు విద్యుత్కేంద్రాలు, కట్టెల పొయ్యిలు, చెత్త మంటల నుంచి వెలువడే ఈ ధూళిలో మసితో పాటు ఇనుము, రాగి వంటి లోహాలు, అసంపూర్ణ దహనం వల్ల పుట్టే విషపూరిత హైడ్రోకార్బన్లు కూడా ఉంటాయి.

శ్వాసనాళపు లోపలి గోడను కప్పి ఉంచే కణాలను ఉపకళా కణాలంటారు. ఇ-క్యాడ్హెరిన్, ఆక్లూడిన్ వంటి ప్రొటీన్లు ఈ కణాలను ఒకదానితో ఒకటి బిగించి ఉంచడం వల్లనే సూక్ష్మజీవులు, అలర్జీ కారకాలు లోపలికి చొరబడలేవు. సన్నధూళి తగిలిన కణాలలో ఈ ప్రొటీన్ల పరిమాణం తగ్గడమో, అవి తమ స్థానం నుంచి తొలగడమో జరిగి, గోడ పట్టు సడలుతుందని ప్రయోగశాల అధ్యయనాలు చూపాయి.

ఈ నష్టానికి ప్రధాన కారణం ఆక్సీకరణ ఒత్తిడి, అంటే చురుకైన ఆక్సిజన్ అణువులు కణం తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువగా పుట్టడం. రేణువులపై ఉన్న లోహాలు వీటి ఉత్పత్తిని పెంచగా, ఈ అణువులు ప్రొటీన్ల నిర్మాణాన్ని మార్చి వాటి పనిని దెబ్బతీస్తాయి. కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. మామూలు వేళల్లో కీప్1 అనే ప్రొటీన్ అదుపులో ఉండే ఎన్ఆర్ఎఫ్2 అనే మరో ప్రొటీన్, ఆక్సీకరణ ఒత్తిడి పెరగగానే విడుదలై, కేంద్రకంలోకి వెళ్లి రక్షక ఎంజైముల తయారీకి కారణమైన జన్యువులను మేల్కొల్పుతుంది.

అయితే రక్షణ చర్యలే హాని చేసే సందర్భాలూ ఉన్నాయి. ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ ప్రేరణతో వెలువడే ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 అనే సంకేత ప్రొటీన్లు తెల్ల రక్తకణాలను రప్పించి వాపును కలిగిస్తాయి. కళ్లెకు జిగటనిచ్చే ఎంయూసీ5ఏసీ ప్రొటీన్ అతిగా తయారైతే శ్వాసమార్గం ఇరుకవుతుంది. హైడ్రోకార్బన్లను వదిలించుకోవడానికి కణం తయారుచేసే సీవైపీ1ఏ1 ఎంజైము, బెంజోపైరీన్ వంటి వాటిని డీఎన్‌ఏను గాయపరిచే రూపంలోకి మార్చగలదు.

ప్రయోగశాలలో కణాలకు తగిలించే ధూళి మోతాదు తరచు వీధిలో పీల్చే దానికంటే ఎక్కువ కనుక, ఆ ఫలితాలను జనాభా అధ్యయనాలతో కలిపి చూడాలి. అలా చూసినా తీర్పు మారదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో వాయు కాలుష్యాన్నీ, అందులోని ధూళినీ మానవులకు క్యాన్సర్ కలిగించే కారకాలుగా ప్రకటించింది. ఇప్పటికే ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో లోపమున్న కణాలను వాపు ద్వారా కణితిగా మారేలా పీఎం 2.5 ప్రేరేపించగలదని 2023లో వెలువడిన పరిశోధన చూపింది.

పీఎం 2.5కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక పరిమితి ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు కాగా, భారత ప్రమాణం 40. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలున్న జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. కణాల రక్షణ ప్రొటీన్లకు హద్దున్నది కనుక, ధూళిని పుట్టిన చోటే అరికట్టడం, భారత ప్రమాణాన్ని క్రమంగా కఠినతరం చేయడం ప్రజారోగ్య విధానానికి తప్పనిసరి.