మిషనరీ యువకుని దినచర్య – మన ప్రాంతపు ఒక దృష్టాంతం

మాతృభాషలోనే జీవితం గడిపే మనిషికి మాట విలువ అంతగా తెలియదు. పరదేశంలో, పరభాషలో, దాహానికి నీళ్లు అడగవలసి వచ్చిననాడే అది బోధపడుతుంది. మతప్రచారం కోసం స్వదేశం విడిచి వెళ్లే యువకులకు ఈ అనుభవం తొలినాడే ఎదురవుతుంది. వారి దినచర్య ఎటువంటిది? అందులో వారు నేర్పేదెంత, నేర్చుకునేదెంత? మన ప్రాంతపు చరిత్ర నుంచే ఒక దృష్టాంతం గైకొని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా నేటి ప్రపంచంలో సుప్రసిద్ధమైన ఒక పద్ధతిని చూద్దాం. అమెరికాలోని ఉటా రాష్ట్రం కేంద్రంగా గల మార్మన్ సంఘపు ప్రచారకులు 1876లో మెక్సికోలో ప్రవేశించారు. తరువాతి కాలంలో స్పానిష్ మాట్లాడే అనేక దేశాల్లో వారి యువకులు కానవస్తారు. యువకుల సేవాకాలం రెండు సంవత్సరాలు. ఖర్చు సామాన్యంగా తమదే, లేదా తమ కుటుంబానిది. ఉదయం ఆరున్నరకు మేల్కొనడం, గ్రంథపఠనం, భాషాభ్యాసం, ఆపై ఇద్దరిద్దరుగా ఇల్లిల్లూ తిరగడం, రాత్రి పదిన్నరకు నిద్ర – ఇది వారికి అలవాటైన క్రమం. వారానికి ఒక దినం బట్టలు ఉతుక్కోవడానికి, ఇంటికి ఉత్తరం వ్రాయడానికి. 2019కి పూర్వం ఇంటివారితో ఫోనులో మాట్లాడే అవకాశం ఏడాదికి రెండు పర్యాయాలే. ఈ ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి 'ఎల్డర్' అని పిలుస్తారు; అనగా 'పెద్ద' అని అర్థం! పేరుకు పెద్దయినా పరభాషలో అతడు పసివాడే. స్నేహితుణ్ణి 'తూ' అని, గౌరవింపదగిన వారిని 'ఉస్తెద్' అని సంబోధించాలని అతడు నేర్వాలి. మన 'నువ్వు', 'మీరు', ఉర్దూలోని 'తుమ్', 'ఆప్' భేదం వంటిదే ఇది. గడపలో తప్పు మాట దొర్లితే తలుపు మూసుకుపోతుంది.

ఈ సంఘం మనకు బొత్తిగా దూరమైనదేమీ కాదు. భారతదేశంలో వారి తొలి 'స్టేక్', అనగా ప్రాంతీయ సంఘసముదాయం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. అయితే మన ప్రత్తి, మిరప పొలాల నడుమ తిరిగిన పరదేశ యువకుని కథ అంతకంటె ప్రాచీనమైనది.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూముల సర్వే పని నేర్చారు. అమెరికన్ బాప్టిస్టు సంఘం పక్షాన 1864లో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరేనాటికి ఆయన వయస్సు ముప్పై లోపే. ఫలితం కానరాక మూసివేయాలని ఆ సంఘం ఒకటికి రెండు పర్యాయాలు తలపోసిన కేంద్రం అది. 1866లో ఆయన ఒంగోలులో స్థిరపడ్డారు.

ఆనాటి మిషనరీకి మొదటి కర్తవ్యం మున్షీ ఎదుట కూర్చోవడం. బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటికే వెలువడినది. కాని నిఘంటువులోని తెలుగు వేరు, పొలం గట్టు మీది తెలుగు వేరు. ఈ చిక్కును గుర్తించిన మచిలీపట్నం మిషనరీ ఆర్డెన్ గారు 1873లో ప్రకటించిన వ్యాకరణంలో వ్యావహారికానికి, గ్రాంథికానికి వేర్వేరుగా స్థానం కల్పించారు. మనవారు ఆ వివాదంలో దిగడానికి పూర్వమే, నీళ్లు అడిగి తాగవలసిన పరదేశికి ఆ భేదం తెలిసివచ్చింది!

క్లౌ గారికి అసలు గురువు మున్షీ కాదు, యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వరకు తిరిగినవాడు; అంతకుముందే రాజయోగ సంప్రదాయంలో ఒక స్త్రీ గురువు వద్ద ఉపదేశం పొందినవాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. 1867 జనవరిలో క్లౌ గారు ఆ గ్రామానికి వెళ్లేసరికి, పేరయ్య ముందుగా కబురు చేసిన జనం చుట్టుపట్ల పల్లెల నుంచి చద్దిమూటలతో వచ్చి ఉన్నారు. ఎద్దుబండి, గుడారం, తోపు నీడ, ఎదురుగా జనం – తరువాతి సంవత్సరాల్లో ఆయన దినచర్య ఇదే.

అందులో బోధ కొంత, తగవులు తీర్చడం మరికొంత. సంఘంలో చేరినవారు జాతరలకు డప్పు కొట్టమన్నారు, ఆదివారం వెట్టికి రామన్నారు. గ్రామాధికారులు కోపించారు. బావి నీరు బంద్ అయింది. ఒంగోలులో అగ్రవర్ణాల పిల్లలకై తెరచిన బడి, మాదిగవారు సంఘంలో చేరుతున్నారని తెలియగానే ఖాళీ అయింది. ఎవరి పక్షం నిలవాలన్నది ఆయనకు నిజమైన పరీక్ష. ఆయన నిరుపేదల పక్షమే నిలిచారు.

1876-78 నాటి కరువు మరొక పరీక్ష. పాత సర్వే విద్య అక్కరకు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వించే కాంట్రాక్టు పుచ్చుకుని వేలాది మందికి కూలి చూపించారు. కూడు పెట్టి మతం ఇచ్చారన్న ఆక్షేపణ రాగలదని ఆయనకు తెలుసు. అందుచేతనే కరువు సహాయం సాగినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు నిలిపివేశారు. సహాయం ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ ఆ కార్యం నెరవేర్చారు. అన్నానికి, విశ్వాసానికి నడుమ గీత గీయడం ఎంత కష్టమో చరిత్రకారులు నేటికీ చర్చిస్తున్నారు. గీత గీయాలని ప్రయత్నించిన మాట మాత్రం నిజం.

1883లో మన వినుకొండలోనూ ఆ మిషను కేంద్రం ఏర్పడింది. పన్నెండేళ్ల తరువాత, 1895లో, ఈ ఊరిలోనే ఒక క్రైస్తవ కుటుంబంలో గుర్రం జాషువ జన్మించారు. ఆయన తల్లి మాదిగ కులస్థురాలు. పరదేశులు తడబడుతూ నేర్చిన తెలుగును, బావి దగ్గరకు రానివ్వని కులపు బిడ్డ పద్యమై పలికించాడు. ఏ మున్షీ ఊహించని ఫలితమిది!

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు వినే విద్యార్థి మిత్రులకు ఈ కథ ఎందుకు చెప్పినట్లు? మతాలు ఎవరివి వారివి. కాని ఇతరుల భాష నేర్వడమంటే కొంతకాలం వారి ఎదుట చిన్నవాడై కూర్చోవడానికి అంగీకరించడం. నవ్విన పిల్లవాణ్ణి మళ్లీ ఆ మాట చెప్పమని అడగగలగడం. మెక్సికో వీధిలోని కుర్ర 'ఎల్డర్' అయినా, ఒంగోలు తోపులోని క్లౌ గారయినా, ఆ వినయం అలవడిన తరువాతనే ఎదుటివారు వారి మాట విన్నారు.