ఇంట్లో తెలుగు ఆపేద్దామా? పిల్లల వినికిడి గురించి నాలుగు మాటలు

ఒకటో తరగతి అడ్మిషన్లప్పుడు చాలామంది ఒకటే మాట అడిగారు. "సార్, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. బిడ్డ గందరగోళ పడదా? కొన్నాళ్లు ఇంట్లో తెలుగు ఆపేద్దామా?" ఆపొద్దని అప్పుడే చెప్పాను. ఎందుకో తీరిగ్గా చెప్పడానికి ఇది రాస్తున్నాను.

వినడం తల్లి కడుపులోనే మొదలవుతుంది. పుట్టిన రెండు మూడు రోజులకే బిడ్డ పరాయి ఆడవాళ్ల గొంతు కన్నా తల్లి గొంతును కోరి వింటుందని డికాస్పర్, ఫైఫర్ 1980లో చూపించారు. నెల బిడ్డకు కూడా "ప", "బ" తేడా తెలుస్తుందని అంతకుముందే, 1971లో, ఐమస్ బృందం తేల్చింది. మాటలు రాని బిడ్డను ఎలా అడిగారంటారా? నోట్లో పాలపీక పెట్టి ఒకే శబ్దాన్ని పదేపదే వినిపించారు. విసుగు పుట్టి చప్పరించడం తగ్గాక శబ్దం మార్చారు. బిడ్డ మళ్లీ జోరుగా చప్పరించింది!

అసలు విషయం ఆ తర్వాతి నెలల్లో ఉంది. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లీషు ఇళ్ల పిల్లలకు హిందీలోని "త", "ట" వినిపించారు. మన "పాత", "పాట"లకు ఉన్న తేడా అదే. ఇంగ్లీషులో ఆ తేడా లేదు. అయినా ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది పట్టేశారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి ఎక్కువమందికి అది వినబడలేదు. హిందీ ఇళ్ల పిల్లలకు మాత్రం ఆ వయసులోనూ వినబడింది. 1984లో వచ్చిన పరిశోధన ఇది. అంటే ఏడాది నిండేలోపే బిడ్డ చెవి తన ఇంటి భాషకు అలవాటు పడిపోతోంది.

మనమూ అంతే. ఇంగ్లీషులో ద్రాక్షతీగకు ఒక మాట, ద్రాక్షసారాకు ఒక మాట. వాళ్ల చెవికి రెండూ వేరు. మనం రాస్తే రెండూ "వైన్", వింటే కూడా రెండూ "వైన్".

మన ఊళ్లో ఈ సంగతి ఉక్తలేఖనంలో బయటపడుతుంది. తమిళంలో క, గ రెంటికీ అక్షరం ఒకటే. మాటలో ఆ అక్షరం ఎక్కడుందో దాన్నిబట్టి పలుకు మారుతుంది. మనకు అలా కుదరదు. "కుడి" వేరు, "గుడి" వేరు. "తడి" వేరు, "దడి" వేరు. ఇంట్లో తెలుగు బాగా వినని పిల్లలు ఇక్కడే తడబడతారు. అది సోమరితనమని కొట్టకండి, తిట్టకండి.

రెండు భాషలతో గందరగోళం మాటకొస్తే, కడుపులో ఉండగా ఇంగ్లీషు, ఫిలిప్పీన్స్ వాళ్ల టగాలోగ్ రెండూ విన్న పసికందులు పుట్టిన కొద్దిరోజులకే ఆ రెంటినీ వేరుగా గుర్తించారని 2010లో వచ్చిన కెనడా పరిశోధన చెబుతోంది. కాబట్టి ఆ భయం వద్దు.

"సార్, ఫోన్‌లో తెలుగు పాటలు పెడుతున్నాం కదా" అంటారు కొందరు. అమెరికాలో పెట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే, పన్నెండు సార్లకే ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు. అదే మాటలు టీవీలో విన్న పిల్లలకు ఏమీ అబ్బలేదు. 2003 నాటి మాట ఇది. అవ్వ ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పే కథకు ఫోన్ సాటి రాదు.

ఏడాది దాటితే తలుపులు మూసుకుపోతాయని కంగారు పడొద్దు. శబ్దాలను కచ్చితంగా విడదీసుకునే నేర్పు పన్నెండేళ్ల వరకూ, ఆ పైనా పదునెక్కుతూనే ఉంటుంది. ఇంగ్లీషు "ర", "ల" తేడా వినబడని జపాన్ పెద్దవాళ్లు కూడా సాధనతో మెరుగుపడ్డారు. కాకపోతే పసివాడికి ఆటలో వచ్చేది పెద్దయ్యాక కష్టపడి తెచ్చుకోవాలి.

ఇంకొకటి. గోలలో మాట పట్టుకోవడం పెద్దలకన్నా పిల్లలకు కష్టం. ఫ్యాన్ చప్పుడు, పక్క క్లాసు కేకలు మనకు లెక్కలోకి రావు, ఒకటో తరగతి బిడ్డకు వస్తాయి. అందుకే క, గ, త, ద తప్పులు ఎక్కువ రాసే పిల్లలను ఈ నెల నుంచి ముందు బెంచీల్లో కూర్చోబెడుతున్నాం. బిడ్డకు చెవిలో చీము కారుతున్నా, పిలిస్తే పలకకపోయినా ముందు ఆసుపత్రిలో చెవి చూపించి, డాక్టరు చెప్పింది క్లాసు టీచరుకు తెలియజేయండి.