నలుపు తెలుపుల నేరకథ

చిట్యాలలో ఒక మిత్రుని యింట ‘రిప్లీ’ అను ఎనిమిది భాగముల దృశ్యకథను మేము రాత్రికొక భాగము చొప్పున చూచితిమి. హైదరాబాదు–విజయవాడ రహదారిపై లారీల రొద యెడతెగక వినవచ్చుచుండెను. తెరమీద మాత్రము ఒక మనుజుడు మెట్లెక్కుచున్నాడు, ఎక్కుచునే యున్నాడు. తొలిరాత్రి మిత్రుడు విసుగుకొనెను. మూడవ రాత్రికి ఆయనయే దీపమార్పి ముందుగా కూర్చుండెను.

పెట్రీషియా హైస్మిత్ 1955లో రచించిన నవలకు స్టీవెన్ జైలియన్ కల్పించిన రూపమిది. 2024 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్సువారు వెలువరించిరి. దర్శకత్వమునకును ఛాయాగ్రహణమునకును ఆ యేడే ఎమ్మీ బహుమానములు లభించెను. న్యూయార్కులో చిల్లర మోసములతో పొట్ట పోసికొను టామ్ రిప్లీని ఒక ధనికుడు ఇటలీకి పంపును. అచట విలాసముగా కాలము గడపుచున్న తన కుమారుడు డిక్కీని ఇంటికి మరలింపవలెనని కోరిక. టామ్ వానిని చంపి, వాని పేరును, వ్రాలును, ధనమును తనవిగా చేసికొనును.

ఇదే కథను 1960లో ఫ్రెంచివారును, 1999లో ఆంగ్లమునను రంగులలో తీసిరి. వానియందలి సముద్రపు నీలిమకు, యెండకు మురిసి ప్రేక్షకుడు టామ్ అసూయలో పాలుపంచుకొనును. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఎల్స్‌విట్ ఆ యింపును తీసివైచెను. రాయి, నీరు, కాగితము మిగిలినవి. మన తెలంగాణ రైతాంగ పోరాటమును గౌతమ్ ఘోష్ 1979లో ‘మా భూమి’గా తీసినపుడును ఈ రెండు వన్నెలే చాలినవి.

ఇక హత్య. తెడ్డుతో కొట్టుట క్షణకార్యము. తదుపరి పనికి అంతులేదు. శవమునకు లంగరు కట్టబోయి టామ్ తానే నీటబడును. మరయంత్రమాగని పడవ వానిచుట్టు గిరగిర తిరుగును. ఒడ్డుచేరి, పడవను మాయముచేయుటకు కూలివానివలె ఱాళ్లు మోయును. రోములో రెండవ శవమును అర్ధరాత్రి క్రిందికి చేర్పవలసివచ్చినపుడు లిఫ్టు మొరాయించును, పిల్లి చూచుచుండును. మృచ్ఛకటికమున శర్విలకుడు జందెముతో గోడను కొలిచి, ఏ యాకృతిని కన్నము వేయుదునా యని యోచించి పూర్ణకుంభమును ఎన్నుకొనెను. వాని నేర్పునకు నవ్వు వచ్చును. టామ్ నేర్పునకు నవ్వు రాదు, చెమట పట్టును.

పొలముగల మన పాఠకులకు మిగిలినది విప్పి చెప్పనక్కరలేదు. పహాణీలో పరాయి పేరు కనబడిననాడు ఎవరి యింటను నెత్తురు చిందియుండదు. ఒక వ్రాలు, ఒక ముద్ర, ఒక సాక్షి చాలును. మా మిత్రుడు భూమి వ్యాజ్యమునకై ఏండ్ల తరబడి తిరిగినవాడు. టామ్ అన్యుని వ్రాలు చేయుచు, అన్యుని పేర ఉత్తరములు టైపు కొట్టుచుండగా ఆయన చేతిలోని తేనీరు చల్లారిపోయెను.

ఒక్క లోపము చెప్పక తప్పదు. రోములో డిక్కీగా పరిచయమైనవానినే, వెనిసులో గడ్డముతో, మసక దీపపు కాంతిలో, టామ్‌గా చూచియు ఇన్‌స్పెక్టరు రవీని పోల్చుకొనలేడు. అంత చురుకైన అధికారి ఇట్లు మోసపోవుట మాకు నమ్మశక్యముగా తోచలేదు. దొంగపిల్లి యని నిద్రలోనైన కలవరించును గదా యని మిత్రుడు సణిగెను. కాని కడపటి భాగమున అదే రవీని చేతికి ఒక పుస్తకము వచ్చును. పుటలు త్రిప్పుచుండగా డిక్కీ ఛాయాచిత్రము, అసలు డిక్కీది, కనబడును. అతడొక మాటయు పలుకడు. మేమును పలుకలేదు. లారీల రొద మరల వినబడెను.