బంగారు బల్లి ఎక్కడుందో చూసినవాళ్లు ఎందుకు చెప్పరు?

రాత్రి ఎనిమిది దాటాక, తలకు లైటు కట్టుకుని, కొండవాగు పక్కన బండరాళ్ల పగుళ్లలోకి తొంగి చూస్తూ గంటల తరబడి నడుస్తారు. చేతిలో కెమెరా, నోట్‌బుక్, జీపీఎస్ ఉంటాయి. వెతికేది పులినో చిరుతనో కాదు, ఒక బల్లిని. అది దొరికితే ఫొటో తీసి, కొలతలు రాసుకుని తిరిగొచ్చేస్తారు. "ఎక్కడ చూశారు?" అని అడిగితే మాత్రం "తూర్పు కనుమల్లో" అంటారు తప్ప ఊరి పేరు చెప్పరు.

ఇది గొప్పలకు పోవడం కాదు. ఆ మౌనం వెనుక ఒక కారణం ఉంది. దానికి మన ఇళ్లతో, మన పిల్లల ఫోన్లకు వచ్చే వాట్సాప్ మెసేజ్‌లతో కూడా సంబంధం ఉంది.

వందేళ్లు కనిపించని జీవులు

మద్రాసు సైన్యంలో చేరి, తర్వాత అటవీ శాఖలో పెద్ద అధికారి అయిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ దక్షిణాది కొండల్లో తిరిగి ఎన్నో పాములను, బల్లులను మొదటిసారి రికార్డు చేశారు. 1870లో ఆయన వర్ణించిన వాటిలో బంగారు బల్లి ఒకటి. ఆ తర్వాత దాని జాడ దాదాపు ఎవరికీ తెలియలేదు. 1980లలో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. పాపికొండల్లో కూడా ఉందని తర్వాత తేలింది.

మామూలుగా చూస్తే ఇది గోధుమ రంగు బల్లే. గుడ్లు పెట్టే కాలంలో మగదానికి పసుపు రంగు వస్తుంది, పేరు అందుకే వచ్చింది. నీటి దగ్గరుండే రాతి పగుళ్లలో ఉంటుంది. ఆడవి గుడ్లను రాతికి అతికించి పెడతాయి. చాలా ఆడవి ఒకే చోట పెడతాయి కాబట్టి, ఒక్క పగులును పాడు చేస్తే ఎన్నో తల్లుల గుడ్లు పోతాయి.

బెడ్డోమ్ అదే ఏడాది వర్ణించిన మరో జీవి కాళ్లు లేని ఒక నలికిరి. చూస్తే చిన్న పాము అనుకుంటారు, కానీ అది బల్లి జాతిదే. మట్టిలో, రాళ్ల కింద బతుకుతుంది. దాని మొదటి చిరునామా "గోల్కొండ కొండలు". ఇది మన హైదరాబాద్ గోల్కొండ కాదు, విశాఖపట్నం వైపు కొండలు. ఇది కూడా 130 ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించలేదు. జయపురం కొండల నేల బల్లి కథా అంతే. రెండూ ఈ శతాబ్దంలోనే మళ్లీ దొరికాయి.

ఇన్నేళ్లు అవి అంతరించిపోయాయా? లేదు. సరైన చోట, సరైన వేళలో, ఓపికగా వెతికినవాళ్లు లేరు, అంతే.

వెతకడం ఎలా?

మొదటి పని అడవిలో కాదు, గదిలోనే. పాత రికార్డులు, మ్యూజియం సీసాల మీది చీటీలు, పాత పటాలు ముందు పెట్టుకుని, అప్పటి ఊరి పేరు ఇప్పటి ఏ ఊరో తేల్చుకోవాలి. తర్వాత అనుమతి. రక్షిత అడవిలోకి రాత్రి వెళ్లాలన్నా, షెడ్యూల్ జీవిని పట్టుకోవాలన్నా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి తప్పనిసరి. "ఊరికే ఫొటో కోసమే" అంటే కుదరదు.

బల్లుల్లో చాలావరకు రాత్రి తిరిగేవే. లైటును కంటి ఎత్తులో పట్టుకుంటే వాటి కళ్లు దూరం నుంచి మెరుస్తాయి. నేలలో ఉండే నలికిరి లాంటివాటి కోసమైతే వానల తర్వాత, నేల తడిగా ఉన్నప్పుడు రాళ్లు, కుళ్లిన దుంగలు ఎత్తి చూడాలి. ఇక్కడ ఒక నియమం ఉంది: ఎత్తిన రాయిని ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టాలి. ఆ రాయి కింది తడి, చల్లదనమే దాని ఇల్లు. రాయి తిరగబడి ఎండ పడితే ఆ చోటు మళ్లీ పనికి రావడానికి చాలా కాలం పడుతుంది.

రాయి కింద ఉన్నది బల్లి కాకుండా రక్తపింజరి కూడా కావచ్చు. అందుకే కాళ్లకు బూట్లు, చేతిలో కొక్కెం కర్ర ఉంటాయి. ఒంటరిగా ఎవరూ వెళ్లరు. కాటు పడితే మంత్రాలు, కట్లు కాకుండా 108కి ఫోన్ చేసి నేరుగా ఆస్పత్రికి వెళ్లడమే.

చిరునామా బయటపడితే ఏమవుతుంది?

చైనాలో ఒక గుహ బల్లిని 1999లో శాస్త్రవేత్తలు వర్ణించారు. పద్ధతి ప్రకారం అది దొరికిన చోటు కూడా రాశారు. పెంపుడు జంతువుల వ్యాపారులు ఆ చోటుకే వెళ్లి పట్టుకుపోయారు. దిగుమతి దేశాల్లో ఒక్కో బల్లి ధర 1,500 నుంచి 2,000 డాలర్ల దాకా పలికింది. కొన్నేళ్లకే మొదట దొరికిన ఆ చోట అది లేకుండా పోయింది. దాన్ని లోకానికి పరిచయం చేసిన వ్యాసమే దానికి ఆపద తెచ్చింది.

అప్పటి నుంచి చాలామంది పరిశోధకులు కచ్చితమైన చోటు రాయడం మానేశారు. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లలో ఆపదలో ఉన్న జీవి ఫొటో పెడితే, అసలు చోటు చూపకుండా సుమారు 20 కిలోమీటర్ల పరిధిలో ఎక్కడో ఒక చుక్క పెడుతుంది. ఫోన్ ఫొటోలో లొకేషన్ దాగి ఉంటుంది కాబట్టి, జాగ్రత్త తెలిసినవాళ్లు దాన్ని ఆఫ్ చేశాకే ఫొటో తీస్తారు.

మన బజార్లో బేరం

ఇక్కడ ఈ వ్యాపారానికి రూపాలు వేరు. "రెండు తలల పాము ఉంది, లక్షలు పలుకుతుంది" అనే మాట వినని ఊరు లేదు. నిజానికి దానికి ఉన్నది ఒకే తల. తోక మొద్దుగా ఉండి ఇంకో తలలా కనిపిస్తుంది. దానికి మహిమ లేదు, నిజమైన గిరాకీ కూడా లేదు. పుకారు నమ్మి అడ్వాన్స్ ఇచ్చినవాడి డబ్బు పోతుంది, పాము చేతిలో పెట్టుకుని దొరికినవాడి మీద కేసు పడుతుంది. లాభం మధ్యవర్తిదే.

రోడ్డు పక్కన అమ్మే "సాండే కా తేల్" రాజస్థాన్, కచ్ ఎడారుల్లో ఉండే ముళ్లతోక బల్లి కొవ్వు. ఆ బల్లిని దీని కోసమే చంపుతారు. అదృష్టం తెచ్చే వేరు అని అమ్మే "హత్థాజోడీ" అసలు వేరే కాదు, ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమని 2017లో బయటపడింది. ఇంట్లో ఉంటే బర్కత్ అని నక్షత్ర తాబేలును టబ్బులో పెంచేవాళ్లూ ఉన్నారు.

ఉడుము, నక్షత్ర తాబేలు రెండూ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత ఈ షెడ్యూల్ జీవుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. "నాకు తెలియదు" అంటే కోర్టు వినదు. పండక్కి కొత్త బైకు కొనుక్కోవచ్చని బేరంలోకి దిగే కుర్రాడికి ఈ లెక్క ముందే ఎవరో ఒకరు చెప్పాలి.

దీన్ ఏమంటుంది?

ఉడుము మాంసం గురించి ఒక వాదన వినిపిస్తుంటుంది: "ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తిన్నారు కదా?" హదీసుల్లో ఉన్న ఆ జీవి "దబ్బ్", అంటే ఎడారి ముళ్లతోక బల్లి. దైవప్రవక్త (స) తాను తినలేదు, తిన్నవారిని ఆపలేదు. షాఫయీ ఫిఖ్‌లో దానికి అనుమతి ఉంది, మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్‌లో లేదు. ఇక మన ఉడుము దబ్బ్ కానే కాదు, వేరే జాతి. కాబట్టి ఆ హదీసు ఇక్కడ ఆధారంగా పనికిరాదు.

ఇంటి బల్లి గురించి హదీసుల్లో ఉన్న మాట వేరు. దాని వివరం ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవాలి. కానీ దాన్ని సాకుగా పెట్టుకుని పిల్లలు గోడ మీది తొండను (గిర్గిట్‌ను) రాళ్లతో కొట్టడం సరదా అయిపోయింది. ప్రాణమున్న దేన్నీ గురి పెట్టి కొట్టే ఆటవస్తువుగా చేయొద్దని దైవప్రవక్త (స) వారించినట్టు సహీ ముస్లింలో ఉంది. భూమి మీద ఉన్నది మనకు అమానత్. అమానత్‌ను అమ్ముకోవడం ఉండదు.

ఇంట్లో చేయగలిగింది

పెరట్లో నలికిరి కనిపిస్తే చీపురు అందుకోవాల్సిన పని లేదు. అది పురుగులను తింటుంది, దానికి విషం లేదు. "బిస్‌ఖప్రా కాటేస్తే నీళ్లు కూడా అడగడు" అని పెద్దలు భయపెట్టేది చాలాసార్లు ఉడుము పిల్ల గురించే. మనిషిని చంపే విషమున్న బల్లి మన దేశంలో ఒక్కటీ లేదు. అన్నంలో బల్లి పడితే పారేయాల్సిందే, కానీ దానికి కారణం విషం కాదు, దాని ఒంటి మీది క్రిములు.

తాబేలు, పాము, ఉడుము అమ్ముతామని మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేయకుండా అటవీ శాఖకు తెలియజేయండి. పిల్లలకు ఆసక్తి ఉంటే మాత్రం ఆపకండి. సాయంత్రం గోడ మీద లైటు కింద చేరే బల్లులను లెక్కపెట్టమనండి, అవి ఏం తింటున్నాయో రాసుకోమనండి. అడవిలో వెతికేవాళ్లు చేసే పని కూడా ఇదే: చూడడం, రాసుకోవడం, రాయిని ఉన్నచోటే పెట్టి రావడం.